ప్రార్థన షాట్

కాలేజీ చీకటి గదిలో ఫిల్ము పని ముగించుకుని బయటికి వచ్చినప్పుడు వరండాలో ఎవరూ కనబడకపోతే నేను గుమ్మంలోనే ఆగిపోయేదాన్ని. అందరూ టీ తాగడానికి వెళ్లి ఉంటారని తెలుసు. కానీ చిన్నప్పటి నుంచి మా సంఘంలో విన్నది వేరు. ప్రభువు ఒకరోజు చెప్పకుండా వస్తాడు, తనవాళ్లను రెప్పపాటులో ఎత్తుకుపోతాడు, మిగిలినవాళ్లు ఖాళీ ఇళ్లలో ఒకరినొకరు పిలుచుకుంటూ తిరుగుతారు. హుస్సేనీ ఆలంలోని మా ఇంటికి బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతూ అమ్మ కనబడలేదంటే, ఆమె ఎత్తబడిందనీ నేను మిగిలిపోయాననీ నిశ్చయించుకుని ఏడుస్తూ గల్లీలోకి పరుగెత్తేదాన్ని. అమ్మ పక్కింట్లోంచి చింతపండు గిన్నెతో ఎదురొచ్చేది. "ఏందే, ఏమైంది? ఎవరన్న కొట్టిన్రా?" అనేది.

సినిమా, టీవీ నిర్మాణం నేర్పే కాలేజీలో చేరాక ఆ భయం మళ్లీ వచ్చింది. ఈసారి గిన్నెతో ఎదురొచ్చేవాళ్లు లేరు.

మా ఊరికి టీవీ వచ్చిన కొత్త రోజులు అవి. మా గల్లీ మొత్తానికి ఒక్క డాబా మీదే యాంటెనా ఉండేది, దాని మీద కాకులు వాలితే కింద ఇంటివాళ్లు రాళ్లు విసిరేవాళ్లు. బాపు బస్సు డిపోలో మెకానిక్. టీవీ వచ్చిందంటే దానికి మనుషులు కావాలి, అది సర్కారు కొలువు అవుతుంది అని డిపోలో ఎవరో అన్న మాట ఆయన పట్టుకున్నాడు. మూసీకి అవతల ఒక సర్కారు కాలేజీలో రెండేళ్ల కోర్సు ఉందని కనుక్కుని, ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న నన్ను తీసుకెళ్లి చేర్పించాలనుకున్నాడు. కానీ అంతకు ముందు సంఘ పెద్దను అడగాలి. మా ఇంట్లో ఏ పెద్ద పనికైనా అదే వరస. పెళ్లికైనా, ఇల్లు మారడానికైనా.

మా సంఘం చిన్నది. రేకుల కప్పు వేసిన హాలు, దాని ముందు నాపరాళ్ల వాకిలి, వాకిట్లో బాప్తిస్మాల కోసం కట్టిన సిమెంటు తొట్టి. ఆడవాళ్లం ఎడమ పక్క, తల మీద కొంగు కప్పుకుని. ప్రతి ఆదివారం ఆరాధనలో ఒకే రొట్టె విరిచి పళ్లెంలో పెడితే అది చేతి నుంచి చేతికి వరస వెంబడి పోయేది. దాన్నే మేము బల్ల అనేవాళ్లం. తప్పు చేసినవాళ్లకు బల్ల బంద్. వాళ్లు వెనక బెంచీ మీద కూర్చోవాలి, పళ్లెం వాళ్ల ముందుకు రాదు. సినిమా చూసినందుకు వెనక బెంచీకి వెళ్లిన ఒక అక్కను చిన్నప్పుడు చూశాను. పళ్లెం తన ముందు వరస దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంటే ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు ఎన్ని ప్రసంగాలు విన్నా మరపు రాలేదు.

సంఘ పెద్ద రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవాడు. అందరం బ్రదర్‌గారూ అనేవాళ్లం. సైదాబాద్‌లో ఆయన ఇంటి ముందు గదిలో బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనకాల నేను.

"సినిమా సదువా?" అన్నాడు పెద్దాయన.

"టీవీ సదువు బ్రదర్‌గారూ. సర్కారుది. రైతులకు సూపిస్తరంట, ఎరువులు, పురుగుల మందులు."

"ఎరువులకు ఆడివిల్ల ఎందుకు?"

పెద్దాయన నన్ను చూశాడు. "బిడ్డా, అక్కడ సినిమాలు సూపిస్తరా?"

"పాఠం కోసం సూపిస్తరు కావొచ్చు, బ్రదర్‌గారూ" అన్నాను. అబద్ధం ఆడే ధైర్యం నాకు లేదు.

పెద్దాయన చొక్కా పై గుండీ సరిచేసుకున్నాడు. తర్వాత అన్నాడు: "టీవీ మంచిదో చెడ్డదో నాక్కూడ ఎరుక లేదు. చేరు. కాని నేను సూస్తుంట. నువ్వు చేసే పని సినిమా అని తేలిన నాడు వెనక బెంచీకి పోతవ్. మీ బాపు మొఖం సూసి ఆగను."

బస్సులో తిరిగొస్తుంటే బాపు సంతోషంగా ఉన్నాడు. "ఒప్పుకున్నడు గదా, ఇంకేం ఫికర్?" అన్నాడు. నాకు మాత్రం బస్సు కిటికీలోంచి చార్మినార్ దగ్గరి సినిమా పోస్టర్లు కనబడగానే కళ్లు వాటంతట అవే మూతబడ్డాయి. చిన్నప్పుడు ఆ మలుపులో అమ్మ తన కొంగుతో నా మొహం కప్పేది.

క్లాసులో నేను తప్ప అందరూ మగపిల్లలే. మొదటిరోజే గది కిటికీలకు నల్ల పరదాలు దించి, దీపాలు ఆర్పి, ఏదో దేశపు పాత సినిమా వేశారు. ప్రొజెక్టర్ టకటకమంటుంటే నేను రెండు చేతులూ బిగించుకుని ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఈ గంట మాత్రం రావద్దు అని. వెంటనే ఏం అడిగానో తెలిసింది. ప్రభువు రాకకోసం ప్రతి ఆదివారం పాడే నేనే ఆయనను రావద్దని అడిగాను. ఇక ఆ ప్రార్థనను వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియక సినిమా సాంతం అట్లాగే కూర్చున్నాను. దీపాలు వెలిగాక వెనక నుంచి ఒకడు, "సిస్టర్, కండ్లు తెరువు. ముద్దు సీన్ ఎప్పుడో అయిపాయె" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి కోర్సు అయ్యేదాకా నా పేరు సిస్టరే. వాళ్లలో చెడ్డవాడు ఎవరూ లేరు. నేను టీ తాగడానికి రాకపోతే గ్లాసు తెచ్చి వరండా గోడ మీద పెట్టిపోయేవాళ్లు.

మాకు కెమెరా నేర్పే సార్ కోస్తా వైపు మనిషి. బొంబాయిలో పనిచేసి వచ్చాడు. కాలేజీకి ఉన్నది ఒక్క పాత కెమెరా, చేత్తో కీ ఇచ్చి తిప్పేది. ఒకసారి కీ ఇస్తే అర నిమిషం పరుగెత్తి ఆగిపోతుంది. సార్ దాన్ని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని మొదటి పాఠం చెప్పాడు.

"కెమెరా తిరుగుతున్నంతసేపూ మీ కన్ను ఈ రబ్బరు కప్పు మీద నుంచి లేవకూడదు. ఎందుకో తెలుసా? మీరు చూసే కంతలోంచి వెలుగు వెనక్కి కూడా పోతుంది. కన్ను అడ్డం తీస్తే ఎండ అందులోంచి దూరి ఫిల్ము మీద పడుతుంది. బొమ్మ తెల్లగా పాలిపోతుంది, దాన్నే ఫాగ్ అంటారు. కొత్త కెమెరాల్లో ఈ కంతకు మూత ఉంటుంది, దీని మూత ఎప్పుడో విరిగింది. కాబట్టి మీ కన్నే మూత. తుమ్మొచ్చినా సరే, అర్థమైందా?"

"సార్, దోమ కుడితే?" అన్నాడు ఒకడు.

"కుట్టించుకో."

నాకు ఆ కెమెరా నచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుపడేంత నచ్చింది. రబ్బరు కప్పుకు కన్ను ఆనించి చూస్తే లోపల చిన్న చతురస్రం వెలుగుతూ కనబడేది, అందులో వేపచెట్టు ఆకులు ఒక్కొక్కటీ వేరుగా. ఇంత అందంగా చేసినవాణ్ణి స్తుతించకుండా ఉండలేకపోయేదాన్ని. కన్ను తీయగానే భయం. నాకు ఇంత ఇష్టమైంది కాబట్టి ఇది సినిమాయే అయి ఉంటుంది అనిపించేది.

రెండో ఏడాదిలో ఒక్కొక్కరం ఒక చిన్న మూగ చిత్రం తీయాలన్నారు. ఎవరి గల్లీలో జరిగేది వాళ్లు. ఒకడు గాజుల బట్టీ అన్నాడు, ఒకడు పావురాలను, అదే కబూతర్లను, ఎగరేసేవాళ్లన్నాడు. నా వంతు వచ్చేసరికి మా గల్లీలో ఏముందో నాకు గుర్తు రాలేదు. "మా సంఘంలో వచ్చే నెల బాప్తిస్మాలు ఉన్నయ్ సార్" అని నోట్లోంచి వచ్చేసింది.

సార్ కుర్చీలో ముందుకు వంగాడు. "ముసలివాళ్లు ఉంటారా?"

"ఒకామె ఉన్నది సార్. ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. నీళ్లంటే భయం ఆమెకు."

"అదే తియ్యి. నీళ్లు, ఆమె భయం, మీ పెద్దాయన ప్రార్థన. ఆ ప్రార్థన షాట్ మాత్రం వదలొద్దు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు వాళ్ల మొహాలు ఎట్లా ఉంటాయో ఎవరూ చూసి ఉండరు. అది నీకు తప్ప ఇంకెవరికీ దొరకదమ్మాయ్."

మళ్లీ సైదాబాద్, మళ్లీ అదే ముందు గది. ఈసారి అడగాల్సింది నేను. బాప్తిస్మాల మీద ఫిల్ము తీస్తానని అడిగాను. పెద్దాయన కాదంటాడనీ, అంటే బాగుండుననీ అనుకున్నాను. ఆయన కాదనలేదు.

"తియ్యి. మాకు దాపరికం లేదు. ప్రార్థన కూడ తియ్యి. కాని తీసినంక నేను వచ్చి సూస్త. అది సాక్ష్యమైతే దేవునికి స్తోత్రం. సినిమా అయితే నేను నీకు మొదలే చెప్పిన."

అంటే వెనక బెంచీ. ఇన్నాళ్లూ ఎప్పుడో ఒకనాడు అన్న భయానికి ఇప్పుడు ఒక రోజు ఏర్పడింది. బాపుకు ఆ సంగతి చెబితే, "మంచిగ తియ్యి బిడ్డా" అన్నాడు, నట్టు బిగించమన్నంత తేలికగా. కానీ ఆ వారం ఆయన అన్నం సగం సగం తిని లేచాడు.

బాప్తిస్మం రోజున కెమెరా సంచీ భుజాన, మూడుకాళ్ల స్టాండు చంకన పెట్టుకుని చార్మినార్ దగ్గర బస్సు దిగాను. గాజుల దుకాణం ముందు కూర్చున్న ఒక ముసలాయన స్టాండు చూసి కనిపెట్టేశాడు.

"క్యా బేటీ, షూటింగ్ హై క్యా? హీరో కౌన్ హై?"

"హీరో నహీ హై చాచా" అన్నాను.

"తో ఫిర్ క్యా ఫిలిం?" అన్నాడు నిరాశగా. హీరో లేకపోతే సినిమా ఎట్లా అవుతుంది అని ఆయన ప్రశ్న. ఆ మాట నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో ఆయనకు తెలియదు. దాన్నే నాలో నేను అనుకుంటూ హాలు దాకా నడిచాను.

వాకిట్లో తొట్టి నిండా నీళ్లు. ఎండ చుర్రుమంటోంది. ఆయా తెల్లచీర కట్టుకుని తొట్టి గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడింది. సంఘంవాళ్లు ఇటు పక్క పాడుతున్నారు, గోడమీద గల్లీవాళ్లు తలలు పెట్టి చూస్తున్నారు. నేను ఎండకు వీపు పెట్టి స్టాండు దింపాను. సార్ నేర్పిన పద్ధతి అదే, వెలుగు నీ వెనక నుంచి మనుషుల మొహాల మీద పడాలి. తల మీద కొంగు జారుతుంటే పిన్ను పెట్టుకున్నాను.

"నీళ్లు సల్లగున్నయా బిడ్డా?" అని ఆయా నన్నే అడిగింది, కెమెరా వైపు సూటిగా చూస్తూ.

"నాదిక్కు సూడకు పెద్దమ్మా."

"నీదిక్కు సూడకుంటే ఎవర్ని అడుగాలె? ఈ బ్రదర్ సల్లగ లేవనే అంటడు. ఆయన దిగి గంటయింది, మొద్దుబారిండు."

తొట్టిలో నడుములోతు నీళ్లల్లో నిలబడ్డ పెద్దాయన గంభీరంగా, "రా తల్లీ, భయపడకు" అని చెయ్యి చాచాడు. ఆమె మెట్టు దిగింది, కెవ్వుమంది, మళ్లీ దిగింది. ఎంతమందికి పురుడు పోసిన చేతులో అవి, ఆయన ముంజేతిని పట్టుకుని విడవలేదు. నేను కీ ఇస్తూ, తీస్తూ, మళ్లీ కీ ఇస్తూ ఉన్నాను. చతురస్రంలో అంతా ఉంది. ఆమె మునిగింది. లేచింది. జుట్టంతా మొహం మీద, నోరు తెరిచి గాలి పీలుస్తూ. పాట గట్టిగా లేచింది.

ఇక ప్రార్థన. కీ పూర్తిగా ఇచ్చాను. పెద్దాయన నీళ్లల్లోనే నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. పక్కన ఆయా వణుకుతోంది. వెనక సంఘం. నేను బటన్ నొక్కి, చెయ్యి తీసినా తిరుగుతూ ఉండేట్టు గొళ్లెం వేశాను. కెమెరా గుర్రుమంది. "ప్రార్థన చేద్దాం" అన్నాడు ఆయన.

ఆ తర్వాత జరిగింది నాకు తెలియదు. తెలిసిందల్లా ఆయన గొంతు. ఈ బిడ్డను చివరిదాకా కాపాడమనీ, మాలో ఎవరినీ వెనక విడవవద్దనీ ఆయన అడుగుతుంటే నాలో ఉన్న భయమంతా ఆ మాటల్లోకి పోయింది. ఔను ప్రభువా, నన్ను విడవకు, బల్ల దగ్గరి నుంచి నన్ను లేపకు అని నేనూ లోపల అడుగుతున్నాను. ఆమెన్ అన్నప్పుడు నేనూ ఆమెన్ అన్నాను. కెమెరా అప్పటికే ఆగిపోయి ఉంది. మళ్లీ కీ ఇచ్చి, ఆయా తువ్వాలు కప్పుకుని నవ్వుతూ గట్టు ఎక్కడం తీశాను.

అప్పట్లో ఫిల్ము కడగడానికి మద్రాసు పంపేవాళ్లు. అది తిరిగొచ్చేదాకా నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆదివారం పళ్లెం నా చేతికి వచ్చిన ప్రతిసారీ ఇదే చివరిదేమో అని రొట్టెముక్కను నాలుక మీద అట్లాగే ఉంచుకునేదాన్ని. సార్ మాకు ముందు చూపించి తర్వాత బయటివాళ్లను పిలుస్తాడేమో అనుకున్నాను. ఆయనకు అంత ఓపిక లేదు. డబ్బాలు వచ్చిన వారమే అందరి చిత్రాలూ ఒక మధ్యాహ్నం వేస్తాను, ఇంట్లోవాళ్లను తెచ్చుకోండి అన్నాడు.

బాపు డిపో నుంచి సెలవు తీసుకుని పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చంకలో పరిశుద్ధ గ్రంథం ఉంది. నల్ల పరదాల గది గుమ్మం దగ్గర ఆగి, లోపలి చీకట్లోకి చూసి, జోళ్లు విడవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి, తెర ఉన్న గదిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆయనను ఆ గుమ్మం దాకా తెచ్చింది నేను. ఆయనకేమైనా అయితే, ఈ గంటలోనే ప్రభువు వస్తే, ఆయన ఇక్కడ ఉండటానికి లెక్క చెప్పాల్సింది నేనే అనిపించింది.

సార్ చేతులు చాచి ఎదురొచ్చాడు. "రండి రండి, కూర్చోండి. మా అమ్మాయి సినిమాకు మీరే హీరో!"

పెద్దాయన మొహం బిగిసింది. బాపు నేలచూపులు చూశాడు. గాజుల ముసలాయన ఇచ్చిన ధైర్యం అక్కడితో సరి. పెద్దాయన తలుపుకు దగ్గరి కుర్చీ చివర కూర్చున్నాడు, లేచిపోడానికి వీలుగా.

దీపాలు ఆర్పారు. గాజుల బట్టీ అయింది, కబూతర్లు అయ్యాయి. తర్వాత మా వాకిలి. తొట్టి, నీళ్ల మీద ఎండ, ఆయా మొహం. ఆమె కెమెరాలోకి చూసి ఏదో అడుగుతుంటే క్లాసు నవ్వింది. నవ్వకండిరా అని లోపల బతిమాలుకున్నాను. ఆమె మునిగి లేచింది, నవ్వు ఆగిపోయింది. పెద్దాయన చేతులెత్తాడు. తలలన్నీ వంగాయి.

అంతలో తెర అంచు నుంచి ఒక తెలుపు లోపలికి వచ్చింది. పొగలా కాదు, పాలు పొంగినట్టు. తొట్టిని, వంగిన తలలను, ఎత్తిన చేతులను మింగేసి తెర మొత్తం తెల్లబోయింది. చీకటి గదిలో మా అందరి మొహాలూ ఆ వెలుగులో కనబడ్డాయి. అది అట్లాగే ఉంది, ఉంది. చటుక్కున అది పోయింది, ఆయా తువ్వాలుతో నవ్వుతూ గట్టు ఎక్కింది.

"ఫాగ్!" అన్నాడు సార్ విసుగ్గా. "ఛ. మంచి షాట్ పాడైంది."

కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. ఆయన గ్రంథాన్ని గుండెకు ఆనించుకుని, "స్తోత్రం" అన్నాడు. "స్తోత్రం. ప్రార్థనల ఆయన దిగొచ్చిండు."

మగపిల్లల్లో ఎవరూ నవ్వలేదు.

వరండాలోకి వచ్చాక పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా తల మీద చెయ్యి పెట్టడం అదే మొదలు. "ఆదివారం సంఘంల చెప్త బిడ్డా. మనుషుల కంటికి కనబడొద్దని ప్రభువే కప్పిండు. ఇది సినిమా కాదు. ఇట్ల ఏ సినిమాల అయితది?"

బాపు కళ్లల్లో నీళ్లు. నేను ఊరుకుంటే చాలు. వెనక బెంచీ పోయింది, ఎప్పటికీ పోయింది. నా పేరు సంఘంలో అద్భుతం పక్కన ఉంటుంది. కానీ ఆ తెలుపు ఏమిటో నాకు తెర మీద చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. లేని అద్భుతాన్ని ప్రభువు పేరు మీద నడవనిస్తే ఆ పళ్లెం నా చేతికి వచ్చినప్పుడు ఎట్లా తీసుకోను? వెనక బెంచీ కంటే ఆ ఆలోచన ఎక్కువ భయపెట్టింది.

"బ్రదర్‌గారూ, అది నేను చేసిన పొరపాటు" అన్నాను.

"ఊకో బిడ్డా" అన్నాడు బాపు మెల్లగా.

"కెమెరా తిరుగుతుంటే కన్ను తియ్యొద్దు. తీస్తె ఎండ లోపలికి పోయి ఫిల్ము తెల్లగైతది. మీరు ప్రార్థన అన్నరు, నేను తల వంచిన. కండ్లు మూసుకున్న. నాకు ఎరుకనే లేదు."

పెద్దాయన చెయ్యి నా తల మీద నుంచి లేచింది. "అంటే వెలుగు?"

"ఎండ, బ్రదర్‌గారూ. వట్టి ఎండ."

ఆయన వరండా చివర వేపచెట్టు వైపు తిరిగాడు. మొహంలో ఇప్పుడిప్పుడే వచ్చినదేదో ఆరిపోవడం నా కళ్లముందే జరిగింది. సార్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు.

ముగ్గురం ఒకే బస్సులో వచ్చాం. పెద్దాయన కిటికీలోంచి బయటికే చూశాడు. దిగేటప్పుడు మాత్రం నా వైపు చూడకుండా, "ఆదివారం రా" అన్నాడు. రా అంటే దేనికి అని అడిగే ధైర్యం బాపుకూ లేదు, నాకూ లేదు.

ఆదివారం అమ్మ నాకు ఉతికిన చీర తీసిచ్చింది. హాల్లోకి అడుగుపెట్టాక ఎక్కడ కూర్చోవాలో తోచలేదు. వెనక బెంచీ ఖాళీగా ఉంది. నేనే వెళ్లి కూర్చుంటే ఆయన లేపాల్సిన పని ఉండదు అనుకుని అటు రెండడుగులు వేశాను. కొత్తగా బాప్తిస్మం పొందిన ఆయా వరసలోంచి నా కొంగు పట్టి లాగింది. "యాడికి పోతవే? ఈడ జాగ ఉన్నది. నాకు బల్ల కొత్త, ఎట్ల తీసుకోవాల్నో ఎవరు చెప్తరు?" అంది. గట్టిగానే అంది. పక్కన కూలబడ్డాను.

పాటలు అయ్యాయి. రొట్టె మీద గుడ్డ తీయకముందే పెద్దాయన లేచాడు. సంఘంలో ఎవరినైనా వెనక్కి పంపాలంటే ఆ సమయంలోనే లేస్తాడు. మగవాళ్ల వైపు బాపు వీపు కనబడుతోంది. నా చెవుల్లో ప్రొజెక్టర్ లాంటి చప్పుడు.

"మన బిడ్డ ఫిల్ము తీసిందని మీకందరికీ ఎరుకనే" అన్నాడు. "నేను పోయి సూసిన. ప్రార్థన దగ్గర ఖరాబైంది. ఎందుకు ఖరాబైందంటే, ప్రార్థన అనంగనే మన బిడ్డ కండ్లు మూసుకున్నది. పని మీదున్న సంగతి మర్చి మూసుకున్నది." కొంచెం ఆగాడు. "నేను ఇంకోటి అనుకున్న. అది గాదని బిడ్డనే చెప్పింది. గంతే."

కూర్చున్నాడు. ఎవరో దగ్గారు. గుడ్డ తీశారు.

పళ్లెం మగవాళ్ల వరసలు తిరిగి మా వైపు వచ్చింది. ఒక్కో చెయ్యి మారుతుంటే నాకు వెనక ఎక్కడో ఆ పాత అక్క కూర్చుని చూస్తున్నట్టే ఉంది. ఆయా రొట్టె తుంచుకుంది, ఇంత తీసుకోవచ్చునా అన్నట్టు నన్ను చూసింది, పళ్లెం నా చేతుల్లో పెట్టింది. నేను తొందరపడి అందుకుంటే పళ్లెం అంచు ఆమె గాజులకు తగిలి చప్పుడైంది.

సార్ నాకు ఇంకోసారి ఫిల్ము ఇచ్చాడు. తర్వాతి బాప్తిస్మాలకు అదే వాకిట్లో, ఎండకు వీపు పెట్టి అదే చోట స్టాండు దింపాను. ఈసారి ప్రార్థన అనగానే ఒక కన్ను మూసుకుని, రెండోది రబ్బరు కప్పుకు అదిమిపెట్టాను. మెడ వంగాలని లాగుతోంది, రెప్ప బరువుగా ఉంది. ప్రార్థనలో నేను కన్ను తెరిచి ఉంచడం అదే మొదటిసారి. పెద్దాయన మొహం చతురస్రంలో దగ్గరగా కనబడింది. కనురెప్పలు బిగించుకుని, పెదవులు అదురుతూ, ఆయన ఎవరినో బతిమాలుతున్నాడు. మమ్మల్ని ఎవరినీ వెనక విడవవద్దని. చీకటి గది బయట ఖాళీ వరండాలో నా మొహం ఎట్లా ఉండేదో ఆ మొహం అట్లా ఉంది. తానే వెనక మిగిలిపోతాడేమోనన్న భయం అది.

షాట్ బాగా వచ్చింది. సార్ మెచ్చుకున్నాడు. తర్వాత పెద్దాయన చూడాలని అడిగాడు గానీ, నేను మాత్రం ఆ ఒక్క షాట్ ఆయనకు చూపించలేకపోయాను.